మొహాలు లేనివాళ్ల ఓడ

ఏసుపాదం మాటల్లో నిజమెంతో కోత ఎంతో విడదీసి చెప్పమంటే ఇప్పటికీ నా వల్ల కాదు. ఆ వానమధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని విన్నవాళ్లలో కాళ్లు పైకి ముడుచుకోని మనిషి ఒక్కరూ లేరు. అది మాత్రం నేను కళ్లారా చూశాను.

కొండపల్లిలో మా తిరుపతిరావు మావయ్య ఇంటి అరుగే మా బొమ్మల కార్ఖానా. మావయ్య తేలికైన పొణికి చెక్కలో బొమ్మలు చెక్కుతాడు, నేను రంగులేస్తాను. ఎనిమిదో తరగతితో బడి మానేసిన దాన్ని కాబట్టి నాకు తెలిసిన లోకమంతా ఆ రంగు చిప్పల్లోనే ఉండేది. కుంచె ముంచిన ప్రతిసారీ ఏదో ఒక దేశం వెళ్లి వస్తుండేదాన్ని. ఏసుపాదం గుణదల నుంచి వచ్చాడు. బొమ్మలు చేసే ఇళ్లలో పుట్టినవాడు కాదు. మేరీమాత తిరునాళ్లలో మా బొమ్మల దుకాణం ముందు నిలబడి, కదలకుండా చూసి చూసి, చివరికి మావయ్య కాళ్లావేళ్లా పడి పనిలో చేరాడు. మావయ్య వాడికి ఒక్కటే మాట చెప్పాడు. "ఒక ఆర్డరు మొదట్నుంచీ చివరిదాకా నీ చేత్తో చెయ్యి. బాగుంటే ఈ పీట నీది. లేకపోతే గుణదల బస్సు నీది."

ఆ ఆర్డరే ఓడలు.

అప్పుడు ఊరి పక్కన థర్మల్ స్టేషన్ కడుతున్నారు. అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా పనిచేసే రామకోటేశ్వరరావు గారూ, ఆయన స్నేహితులూ కలిసి ఓడదొంగల ఆట ఒకటి కల్పించుకున్నారు. గచ్చు మీద సుద్దముక్కతో సముద్రం గీసి గవ్వలు వేస్తారు. అంతవరకు మామూలే. కానీ ఎవరు ఏ ఓడ తీసుకుంటే వాళ్లు ఆ ఓడ నాయకుడైపోయి, అలాగే మాట్లాడాలి, అలాగే బెదిరించాలి, చావొస్తే అలాగే చావాలి. పేర్లు ఆయనే పాత పుస్తకాల్లోంచి ఏరుకొచ్చారు. ఒక్క తెరచాపతో చేపపిల్లలా పారిపోయేది దోనె. రెండు తెరచాప కొయ్యలు ఉండి గాలి ఎటు తిరిగితే అటు తిరిగేది నావ. అడుగు చదునుగా ఉండి, తుంగచాపల తెర కట్టుకుని, మోకాలిలోతు నీళ్లలో కూడా జారిపోయేది జోంగు. మూడు కొయ్యలతో, పొట్టనిండా సరుకుతో, నిండుచూలాలిలా నడిచేది కప్పలి. ఇక ఐదోది దొంగల ఓడ, రెండు పక్కలా తెడ్లే తెడ్లు. ఇన్నాళ్లూ అగ్గిపెట్టెల్ని ఓడలనుకుని ఆడి విసుగొచ్చి, కొయ్య ఓడలు చేసిపెట్టమని మా దగ్గరికి వచ్చారు.

వాటిని తీసుకెళ్లడానికే ఆయన ఆ రోజు గొడుగు ముడుచుకుంటూ అరుగెక్కారు. టీకొట్టు సొలొమోను గ్లాసుల బుట్టతో వచ్చి వానకి ఇక్కడే ఆగిపోయాడు. సంపూర్ణమ్మ అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని చింతగింజలు దంచుతోంది.

"ఓడలేవిరా?" అన్నాడు మావయ్య.

ఏసుపాదం తడుముకోలేదు. వాడే ఇంటి యజమాని అయినట్టు లేచి పీట తుడిచి, "కూర్చోండి రామకోటేశ్వరరావు గారూ. ముందు టీ తాగండి. సొలొమోనూ, చక్కెర బాగా ఉన్న గ్లాసు అయ్యగారికివ్వు" అన్నాడు.

"ఓడలు," అన్నాడు మావయ్య మళ్లీ.

"అక్కడికే వస్తన్నా మేస్త్రి గారూ. మరియమ్మ తల్లి మీద ఒట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్తా. మొన్న ఆదివారం పూజ అయ్యాక ఐదు ఓడల్నీ గంపలో పెట్టుకుని ఇబ్రహీంపట్నం రేవుకెళ్లాను. ఎందుకంటారా? కొయ్య నిటారుగా ఉందో లేదో అరుగు మీద తెలవదండి, గాల్లో తెలుస్తుంది. నిజం ఓడలు కట్టేవాళ్లు గాలి చూడకుండా కొయ్య పాతుతారా?"

మావయ్య చేతిలో చెక్క చెక్కే బాడిస ఆగింది. "సుద్ద పూతైనా పడని బొమ్మల్ని ఏటి దగ్గరికి తీసుకెళ్లావా?"

"ఇసకలో పెట్టానండి! నీళ్లకి బారెడు దూరంలో. చుక్క తగిల్తే నన్నడగండి. ఐదింటినీ వరసగా పెట్టి, తల వంచి ఒక కంటితో చూస్తన్నా. కొయ్యలు ఎంత నిటారుగా ఉన్నాయనుకున్నారు, మీ చేతి పనేనా అని నాకే అనుమానం వచ్చింది."

"నా చేతి పనికి ఆ గతి పట్టలేదులే. తర్వాత?"

"తర్వాత గాలొచ్చిందండి. మామూలు గాలి కాదు. కొండ వెనకనుంచి ఎవరో తలుపు తీసినట్టు ఒక్కసారిగా వచ్చింది. దోనె పిచ్చుకలా ఎగిరింది. ఒక గెంతు, రెండు గెంతులు, మూడో గెంతుకి నీళ్ల మీదికి. నేను పట్టుకుందామని దూకా. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? నీటిని తాకేలోపలే పెరిగిందండి దోనె! అరచేతిలో పట్టేది కాస్తా ఎడ్లబండంత అయింది. నేను ఏట్లో పడతాననుకుని కళ్లు మూసుకుంటే, దోనెలో పడ్డా."

సొలొమోను ఫక్కుమన్నాడు. "నీ ఉలి దెబ్బకి పొణికి చెక్క కూడా పెరుగుద్దన్నమాట."

"పొణికి చెట్టు కొండ మీద పెరగలేదా? చెక్కైనంత మాత్రాన మర్చిపోద్దా పెరగడం?"

నాకైతే ఆ మాట ఎంత బాగుందో. చేతిలో కుంచె అలాగే పట్టుకుని వింటున్నాను.

"ఇక చూసుకోండి, కృష్ణ ఎర్రగా పోటెత్తి పోతంది, దాని మీద నా దోనె. వెనక్కి చూస్తే మిగతా నాలుగూ ఒడ్డు దిగి, బాతు వెనక పిల్లల్లా నా వెనకే. భవానీపురం పోయింది, కొండ మీద అమ్మవారి గుడి పోయింది, ఎదురుగా బ్యారేజీ. గేట్లు తీసున్నాయి, నీళ్లు అవతలికి గుర్రాల్లా దూకుతన్నాయి. జనం అరుస్తన్నారు, ఆగరా ఆగరా అని. ఓడకి ఆగడమెలాగో నేనింకా చెక్కలేదు కదండీ! తెరచాప తాడు పళ్లతో పట్టుకుని, రెండు కాళ్లూ అంచుకి తన్నిపెట్టి ఒక్క లాగు లాగా. గేట్ల మీదుగా, పైన పోయే గుంటూరు బస్సు మీదుగా లేచిపోయింది దోనె."

"మా బావమరిది ఆదివారం ఆ బ్యారేజీ మీదే ఉన్నాడు. ఇలాంటిదేం చెప్పలేదే," అన్నాడు సొలొమోను.

"మీ బావమరిది భయంతో కళ్లు మూసుకున్నాడు. నేను పైనుంచి చూశాగా. చారల చొక్కానే?"

సొలొమోను కాస్త ఆలోచించి, "చారల చొక్కానే," అని ఒప్పుకున్నాడు.

రామకోటేశ్వరరావు గారు నవ్వి టీ ఊదుకున్నారు. "మరి దోనె సముద్రం దాకా పోలేదయ్యా. మా ఆటలో దానికా శక్తి లేదు."

"అదే నేనూ అనుకున్నానండి! బ్యారేజీ దాటాక గాలి అడ్డం తిరిగింది. దోనె తట్టుకోలేదు, అందుకని నావలోకి దూకా. నావకి రెండు కొయ్యలు కదా, ఒక తెర ఇటు, ఒక తెర అటు తిప్పి, వాలుగా కోసుకుంటా పోయా. కొంత దూరం పోయాక ఇసక మేటలు. నావ అడుగు గీసుకుంటంది. అప్పుడు జోంగులోకి దూకా. అబ్బ, జోంగుని చెప్పాలండీ! ఇసక మీద నూనె రాసినట్టు జారింది. జారి జారి గట్టెక్కింది. గట్టెక్కి పంటచేలల్లోకి దిగింది. పామర్రు పక్క మడుల్లో కొత్తగా నాట్లేసుకున్నారండి, ఆ నారు మీదుగా పోయా, ఒక్క మొక్క వంగలేదు. నాట్లేసే ఆడవాళ్లు తల కూడా ఎత్తలేదు, నీడ పోయిందనుకున్నారు."

"జోంగుకి ఆ గుణం పెట్టింది నేనే," అన్నారు రామకోటేశ్వరరావు గారు మాకందరికీ వినపడేలా. ఆయన మొహం వెలిగిపోయింది. తన ఓడలు నిజంగానే ఎక్కడో తిరుగుతున్నట్టు వింటుంటే ఏ మనిషికి సంతోషం కాదు!

మావయ్య మాత్రం నవ్వలేదు. "సాయంత్రం బస్సెన్నింటికో కనుక్కున్నావురా?" అన్నాడు.

ఏసుపాదం ఆ మాట వినపడనట్టు ముందుకి వంగాడు. ఓడలు ఎక్కడున్నాయో నాకూ తెలీదు. అవి రంగుకి నా దగ్గరికి రావాల్సింది, రాలేదు. ఓడలు లేకుండా ఈ కథ అయిపోతే వీడి గతేమిటి? అయిపోకూడదు, అయిపోకూడదు అనుకున్నాను. నాలుగు చినుకులు జోరుగా పడితే బాగుండునని, రామకోటేశ్వరరావు గారు కదలకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. చినుకులు నిజంగానే జోరందుకున్నాయి. మధ్యాహ్నమే అయినా అరుగు మీద చీకటి కమ్మింది.

ఏసుపాదం గొంతు తగ్గించాడు.

"సముద్రంలోకొచ్చేసరికి కప్పలి ఎక్కాను. మూడు కొయ్యలు, కొయ్యకి మూడు తెరలు. అల మీద అల వస్తన్నా అది తల ఊపుకుంటా పోతంది. ఒడ్డు కనపడ్డం మానేసింది. సరే కాసేపు తిరిగొద్దామనుకున్నా. అప్పుడండీ, గాలి పోయింది."

"పోతే?" అంది అమ్మమ్మ. రోకలి ఆగిపోయింది.

"పోతే పోయిందనుకున్నా అమ్మా. తెరలన్నీ తడిబట్టల్లా వేలాడిపోయినయి. సముద్రం చూస్తే నూనె పోసినట్టుంది. అల లేదు, చప్పుడు లేదు. నా గుండె కొట్టుకునేది నాకే వినపడతంది. అట్లా ఎంతసేపున్నానో. అప్పుడు వెనకనుంచి వినపడింది."

"ఏవిటి?"

"ఊపిరి."

సొలొమోను గ్లాసుల బుట్ట దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక మనిషిది కాదు. వందలమందిది. అందరూ కలిసి ఒక్కసారి వదిలినట్టు... హా... అని. మళ్లీ కాసేపటికి... హా... మీరొకటి కనిపెట్టారా? మనం ఊపిరి వదిలాక పీలుస్తాం. పీల్చిన చప్పుడు ఉండాలిగా? లేదండి. వదలడమే. పీల్చడం లేదు. నేను వెనక్కి తిరిగి చూశా. నల్ల ఓడ."

"ఐదో ఓడా? మా దొంగల ఓడ?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"అది కాదండి. నేను చెక్కిన దొంగల ఓడ దీన్ని చూసి, తెడ్లన్నీ కడుపులోకి ముడుచుకుని పారిపోయింది. ఇది నేను చెక్కింది కాదు. ఎవరూ చెక్కింది కాదు. తెడ్లు లేవు. గాలి లేదు. కానీ తెర మాత్రం నిండుగా పొంగి ఉంది. దగ్గరికొచ్చాక తెలిసింది, ఆ తెర గుడ్డది కాదు, గుడ్డలది. ముంపుల్లో, తుపాన్లలో నీళ్లలో పోయినవాళ్ల బట్టలు అతుకేసి కుట్టారు. చీరలు, పంచెలు, పసిపిల్లల గౌన్లు. ఒక చోట పెళ్లివాళ్ల బట్టలు, కొంగుముడి విప్పకుండానే కుట్టేశారండి. దాని కింద వరసలు వరసలుగా మనుషులు కూర్చుని తెరలోకి ఊపిరి వదుల్తన్నారు. ఆ ఊపిరితో నడుస్తంది ఓడ."

"నారాయణ, నారాయణ," అంది అమ్మమ్మ.

"వాళ్ల మొహాలు చూద్దామని తల ఎత్తా. మొహాల్లేవు."

"లేకపోవడమేంట్రా?" సొలొమోను గొంతు మారిపోయింది.

"తల ఉంది. చెవులున్నయి. మొహం ఉండాల్సిన చోట నున్నగా, తెల్లగా..." ఏసుపాదం చుట్టూ చూసి, చెయ్యెత్తి నా వైపు చూపించాడు. "అదిగో, అట్లా."

నా ముందు బల్ల మీద దశావతారాల సెట్టు తాలూకు తలకాయలు వరసగా ఆరుతున్నాయి. సుద్ద పూత పూసి పెట్టాను, కళ్లూ నోరూ ఇంకా పెట్టలేదు. రోజూ చూసేవే. ఆ చీకట్లో తెల్లగా, నున్నగా, అన్నీ నా వైపే తిరిగి ఉన్నాయి. నా చేతిలో కుంచె జారి కింద పడింది. రామకోటేశ్వరరావు గారు వాటికి ఎదురుగా కూర్చున్నారేమో, మెల్లిగా పీట పక్కకి జరుపుకున్నారు. కాళ్లు రెండూ పైకి పెట్టుకున్నారు. ఆయన్ని చూసి మేమంతా కాళ్లు ముడుచుకున్నాం.

"పీల్చాలంటే ముక్కుండాలి కదండీ. వాళ్లకి లేదు. ఉన్న ఊపిరి అయిపోయేదాకా వదుల్తారు. అయిపోయినవాడు ఖాళీ గోనెసంచిలా ఒరిగిపోతాడు. వాడి చోటులోకి ఇంకొకడు కావాలి. అందుకని ఆ ఓడ తిరుగుతుంది. ఆ దొంగలకి బంగారం అక్కర్లేదు, సరుకక్కర్లేదు. ఎదురైన ప్రతి ఓడ నుంచీ ఒక మనిషి. నా కప్పలి మీద ఉంది ఎవరండీ? నేనొక్కణ్ణే."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. ఎవరి టీ వాళ్ల చేతుల్లోనే చల్లారిపోయింది.

"వాళ్ల నాయకుడు నా ఓడ మీద కాలు పెట్టాడు. నోరు లేదు, అయినా మాటొచ్చింది. ఎవరి గొంతో తెలుసా? మా అమ్మ గొంతు. చచ్చిపోయి ఇన్నేళ్లయింది, ఆ గొంతు నేనే మర్చిపోయా. వాడు మర్చిపోలేదు. 'పాదం, అన్నం తిన్నావా నాయనా' అన్నాడండి."

ఈ మాట అన్నప్పుడు ఏసుపాదం కళ్లు మమ్మల్ని చూడ్డం లేదు. వాడి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కోతలు కోసేవాడికి ఒళ్లు జలదరిస్తుందా? నేనైతే ఆ క్షణాన అంతా నిజమేననుకున్నాను. మావయ్య కూడా బాడిస పక్కన పెట్టేశాడు.

"పోయాననుకున్నా. అప్పుడు నా నడుముకున్న ఉలి వాడికి కనపడింది. 'నువ్వు బొమ్మలు చేసేవాడివా' అన్నాడు. 'కొండపల్లి మా ఊరు' అన్నా."

"గుణదల," అన్నాడు మావయ్య. కానీ నెమ్మదిగానే అన్నాడు.

"ప్రాణం మీదికొచ్చినప్పుడు కొండపల్లే అనిపించిందండి మేస్త్రి గారూ. వాడన్నాడు, 'మావాళ్లకి మొహాలు చెక్కు. మొహాలొస్తే పీలుస్తారు. పీలిస్తే ఒరిగిపోరు. అప్పుడు నిన్ను వదిలేస్తా' అన్నాడు. కప్పలి నడిమికొయ్య నరికి, ముక్కలు చేసి, మొదలుపెట్టా. ముక్కు, పెదాలు, గడ్డం. చెక్కుతానే ఉన్నా. పొద్దు కుంకడమూ లేదు, ఎక్కడమూ లేదు అక్కడ. కానీ ఒక చిక్కొచ్చింది. అన్ని మొహాలు ఎక్కణ్ణించి తేవాలి? నాకు తెలిసిన మొహాలేగా నేను చెక్కగలిగేది?"

"ఎవరివి చెక్కావు?" అన్నాడు సొలొమోను.

ఏసుపాదం వాడి వైపు అలా చూశాడు.

"నాది చెక్కావా?"

"ముందు వరసలో, తెర తాడు పట్టుకున్నవాడికి. నీ పుట్టుమచ్చతో సహా."

"ఎందుకు చెక్కావురా! ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"రోజూ టీ తెచ్చేవాడివి, ముందు నువ్వే గుర్తొచ్చావు. అమ్మమ్మగారి మొహం అంచు దగ్గర ఉన్న ముసలామెకి పెట్టా. మేస్త్రి గారిది చుక్కాని పట్టుకున్నవాడికి, ఓడంతా ఆయన చేతిలోనే ఉండాలని."

మావయ్య చెయ్యి తెలీకుండానే చెంప మీదికి వెళ్లింది. ఉందో లేదో చూసుకున్నట్టు తడుముకుని, మేం చూస్తున్నామని దించేశాడు.

"మరి... నాది?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"కొయ్య మీదెక్కి ఓడల కోసం కాపలా చూసేవాడికండి. మొదట మీకే కనపడాలిగా వచ్చే ఓడ."

నాకు నా సంగతి అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. వాడు నా వైపు చూడకుండానే, "ఛాయది చెక్కలేదు," అని నా పేరెత్తాడు. "అది మాత్రం గుర్తున్నా చెక్కలేదు."

ఆ చీకట్లో, ఆ భయంలో, ఆ ఒక్క మాట నా చుట్టూ దుప్పటి కప్పినట్టయింది.

"చెక్కిన మొహాల్ని ఒక్కొక్కటే మక్కుతో అతికించా. అతికించినవాడల్లా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. ఎంత గట్టిగా పీల్చారంటే ఆకాశంలో మబ్బులు కిందికి దిగొచ్చినయి, పక్షులు వచ్చి తెరలో పడ్డయి. చివరికి నాయకుడి వంతు. వాడేమన్నాడంటే, 'నాకు ఎవరి మొహమూ వద్దు, నీ మొహం చెక్కు' అన్నాడు. నా మొహం నాకెట్లా తెలుసండి? నీళ్లలో చూసుకుందామని అంచు మీదికి వంగా. ఏం చూశానో తెలుసా? నీళ్లలో నా మొహం లేదు!"

"అయ్యో," అంది అమ్మమ్మ.

"అదే సమయానికి అల. కొండపల్లి కొండ తెలుసుగా, దాని మీద కోట తెలుసుగా, ఆ కోట మీద ఇంకో కోట పెడితే అంత. వాళ్లు పీల్చిన పీల్పుకి సముద్రమే లేచి వచ్చింది. నల్లగా నా నెత్తి మీద నిలబడింది. నిలబడి, విరిగింది! మొత్తం ఓడ మీద, అందరి మీద, వాళ్ల మొహాల మీద..."

"అమ్మో, ఏసుపాదం!" అని నేను లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. "నీళ్లు పడితే మక్కు ఊడిపోదూ? మొహాలన్నీ రాలిపోతాయి కదా! రాలిపోతే వాళ్లు నిన్నేం చేశారు?"

నేను నిజంగా అడిగాను. వాణ్ణి ఏం చేశారోనన్న భయం తప్ప నా మనసులో ఇంకేం లేదు. రెక్కలు పట్టుకుని ఆ ఓడ మీంచి వాణ్ణి ఇవతలికి లాగేద్దామన్నట్టుంది నాకు.

ఏసుపాదం నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు.

వాడు ఆగిపోవడం మావయ్య చూశాడు. ఆయన మొహంలోంచి భయం మెల్లిగా దిగిపోయి, ఆ చోటులోకి ఇంకొకటి వచ్చింది.

"అవునుగా," అన్నాడు. "మక్కు ఊడిపోద్ది."

"మక్కంటే?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"అదిగోండి, మా అమ్మ దంచుతోంది చూడండి, ఆ చింతగింజల పిండిలో రంపప్పొట్టు కలిపి చేసే జిగురండి. మా బొమ్మల్ని ముక్కలు ముక్కలుగా చెక్కి దాంతోనే అతుకుతాం. రంగుపడ్డాక పరవాలేదు. రంగు లేకుండా నీళ్లలో పెడితే కాసేపట్లో నానిపోయి, దేని ముక్క దానికి విడిపోద్ది. మొహమైనా సరే, కొయ్య తెరచాపైనా సరే, ఓడైనా సరే." మావయ్య ఏసుపాదం వైపు తిరిగాడు. "ఒరే. ఇసకలో పెట్టలేదు నువ్వు. నీళ్లలో పెట్టావు."

సొలొమోను, "అంటే నా మొహం అక్కడ లేనట్టేగా?" అని ఎవర్నని లేకుండా అడిగాడు.

ఏసుపాదం తల దించుకునే, "ఎంత బాగా నిలబడ్డాయోనండి మేస్త్రి గారూ," అన్నాడు. "ఐదూ వరసలో. దోనె ముందు, కప్పలి మధ్యలో. చిన్న గాలొస్తే నిజం ఓడల్లాగే తల ఊపినయి. కాసేపు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేనే అన్నానే, నేనే వాడి కిందనుంచి పీట లాగేశానే! నోరు మూసుకుని ఉంటే వాడు ఆ అలకి కూడా ఏదో చెప్పుకునేవాడు, వాన తగ్గేది, రామకోటేశ్వరరావు గారు రేపు వస్తాననేవారు. మావయ్య లేచి వాడి పీట తీసుకున్నాడు. గోడకి ఆనించి నిలబెట్టడానికి రెండడుగులు వేశాడు. మా ఇళ్లలో పనివాడి పీట గోడకి నిలబెట్టారంటే ఇక మాటల్లేవు.

"ఆగండి," అన్నారు రామకోటేశ్వరరావు గారు.

ఆయన కాళ్లు ఇంకా పైకే ఉన్నాయి. చేతిలో చల్లారిన టీ అలాగే ఉంది. "నాయకుడికి మొహం చెక్కావా, లేదా?" అని ఏసుపాదాన్ని అడిగారు.

"లేదండి. అంతలోనే అల..."

"అయితే వాడింకా తిరుగుతున్నాడన్నమాట." ఆయన ఒక్క నిమిషం తలకాయల వరస వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు. "తిరుపతిరావు గారూ, నిజం చెప్తున్నా. మా ఆటలో లేనిది ఇదే. ఓడ మునిగినా నవ్వుకుంటాం, నాయకుడు చచ్చినా నవ్వుకుంటాం. ఆ సుద్దగీతల సముద్రమంటే మాలో ఎవడికీ భయం లేదు. నాకు ఆ ఆరో ఓడ కావాలి. గుడ్డల తెరతో, మొహాల్లేనివాళ్లతో. మిగతా ఐదూ ఆలస్యమైనా పరవాలేదు."

"అది లేని ఓడండీ. వీడు కోసిన కోత. దాన్ని నేనెక్కణ్ణించి చెక్కేది?"

"మీరు కాదు. చూసినవాడే చెక్కాలి."

మావయ్య పీట పట్టుకుని నిలబడ్డాడు. గోడ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. అమ్మమ్మ గుమ్మంలోంచి, "బరువెందుకురా మొయ్యడం, కింద పెట్టు," అంది. మావయ్య విసురుగా తెచ్చి, దాన్ని ఉన్న చోటే చప్పుడయ్యేలా పడేశాడు.

"ఆరూ చెయ్యి. రంగు పడేదాకా ఏటి వంక చూశావంటే బస్సు కూడా కాదు, నడిపించి పంపిస్తా గుణదలకి."

రామకోటేశ్వరరావు గారు గొడుగు తెరిచారు. వీధిలో వాననీళ్లు పారుతున్నాయి. మెట్టు మీద నిలబడి వాటినే చూస్తూ, "సొలొమోనూ, నువ్వు కూడా బస్టాండు వైపేగా, కలిసి పోదాం రా," అన్నారు. సొలొమోను టీకొట్టు అటు కాదు. అయినా వెంటనే బుట్ట పట్టుకుని లేచాడు. ఇద్దరూ ఒక్క గొడుగు కింద, నీళ్లలో పాదం పడకుండా గెంతుకుంటూ పోయారు.

ఏసుపాదం పీట మీద కూర్చుని పొణికి చెక్క ఒకటి తీసుకున్నాడు. ఉలి పెట్టాడు, తీశాడు. మావయ్య లోపలికి వెళ్లేదాకా ఆగి, నా బల్ల దగ్గరికి జరిగి, తలకాయల వైపు చూడకుండా గుసగుసగా అడిగాడు.

"ఛాయా, మొహాలు నిజంగా ఊడిపోతాయంటావా? ఊడిపోతే మళ్లీ నా కోసం వస్తారు వాళ్లు."

నేను కింద పడ్డ కుంచె తీసుకుని కడిగాను. నాకూ భయంగానే ఉంది.

"నేను రంగేస్తాగా," అన్నాను. "రంగేస్తే ఊడవు."